గంప కింద పువ్వు

గంప తియ్యడానికి వీల్లేదన్నారు సుందరరావు మాస్టారు. పెరట్లో పూలకుండీ మీద బోర్లించిన గంపకి అడ్డంగా, లోపల కోడిపిల్లలున్నట్టు రెండు చేతులూ చాపి నిలబడ్డారు.

అవతల వీధి వీధంతా రావడానికి తయారవుతోంది. పొద్దున పూసి సాయంత్రానికి వాడిపోయే డే లిల్లీలో కొత్త రకం పుట్టించానని, ఈ ఆదివారం దానికి మొదటి పువ్వు విచ్చుకుంటుందని అంబాజీపేటలో ఆయన చెప్పని మనిషి లేడు. తీరా విచ్చుకున్న పువ్వుని చూసి, పరుగున వెళ్ళి గంప తెచ్చి మూసేశారు.

"ఏమైందండీ, పురుగు పట్టిందా?" అంది భార్య సరోజిని.

"పట్టినా బాగుండేది," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన్ని పక్కకి తప్పించి గంప కాస్త ఎత్తి చూసింది. లేత పసుపు రేకులు. వాటి నడుమ, కాటుకపుల్లతో దిద్దినట్టు వంకాయరంగు వలయం. అలాంటి వలయమున్న పువ్వు ఊరు మొత్తానికీ ఒక్క పక్కింటి త్రిమూర్తులు గారి పెరట్లోనే ఉంది. బావమరిది బెంగళూరు నుంచి తెచ్చాడని చెప్పుకుంటూ, ఆ మొక్క పిలక ఆయన ఎవరికీ ఇవ్వరు. మాస్టారు నోరు తెరిచి అడిగితే కూడా ఇవ్వలేదు. ఆ ఉక్రోషంతోనే ఈయన, మీ మొక్క గాలి కూడా సోకకుండా నా పసుపు లిల్లీల్లోంచే కొత్త రంగు తీస్తాను చూడండని పదిమందిలో అనేసి వచ్చారు.

సరోజిని గంప మళ్ళీ మూసింది. "ఎప్పుడు తెచ్చేరు?" అని మాత్రం అడిగింది.

మాస్టారు నేల చూస్తూ చెప్పుకొచ్చారు. రెండేళ్ళ క్రితం వాళ్ళింట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినప్పుడు, చెయ్యి కడుక్కునే వంకన పెరట్లోకి వెళ్ళి, ఆ పువ్వులో పుప్పొడి వేలితో తీసి కళ్ళజోడు పెట్టెలో దాచుకొచ్చారట. ఇంటికొచ్చి తన పసుపు పువ్వుకి అద్దితే కాయ కట్టింది. గింజలు నాటితే ఒక్కటి బతికి, ఇదిగో, ఇన్నాళ్ళకి పూసింది. వలయం ఇంత అచ్చంగా దిగుతుందని అనుకోలేదట.

"ప్రసాదం తిన్న చేత్తోనా?" అంది సరోజిని.

తిట్టినా ఆయనకి అంత తగిలేది కాదు. ముప్ఫై ఏళ్ళు పరీక్ష హాల్లో ఒక్క చీటీని కూడా వదిలిపెట్టని మనిషి, పెళ్ళాం ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుండీ పక్కనే చతికిలబడ్డారు.

సాయంత్రం దాకా గంప ఉంచితే పువ్వు దానంతటదే వాడిపోతుందన్నారు. కాడకి ఇంకా ఐదు మొగ్గలున్నాయి, వారం రోజులూ గంప కిందే పూయిస్తారా అని ఆవిడ అడిగింది. అయితే కాడే కోసి పారేస్తాను, తెగులొచ్చిందని చెబుదామంటూ లేచి కత్తి అందుకున్నారు.

గేటు చప్పుడైంది. ఉతికిన పంచె, చేతిలో అరటిపళ్ళ హస్తం, అందరికన్నా ముందు త్రిమూర్తులు గారే వచ్చారు.

"ఆయ్, పువ్వు విచ్చిందాండీ మాస్టారూ? మా వాళ్ళంతా వెనకాల వస్తున్నారండి."

తెగులు మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. సరోజిని ఆయన్నే చూస్తోంది. ఆయన కత్తి కింద పెట్టి, వంగి, తన చేత్తో తనే గంప తీశారు.

త్రిమూర్తులు గారు చూశారు. చూసి, మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా దగ్గరగా చూశారు.

"దొంగతనం చేశానండీ," అన్నారు మాస్టారు. "వ్రతం రోజున మీ పువ్వులో పుప్పొడి తెచ్చుకున్నాను. అందరూ వచ్చాక వాళ్ళ ముందు కూడా ఇదే చెబుతాను. ఈ మొక్క మీది. పట్టుకెళ్ళిపోండి."

త్రిమూర్తులు గారు తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కోపం కాబోలనుకుని, ఎన్ని మాటలంటే అన్నీ పడటానికి మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వీధి మలుపులో జనం మాటలు వినిపిస్తున్నాయి.

"వాళ్ళకేం చెప్పకండి మాస్టారూ," అన్నారాయన, వినీ వినపడనట్టు. "నా మొక్క బెంగళూరుది కాదండి. తుఫానుకి ముందేడు మీరు అమ్మాయి పురిటికని కాకినాడ వెళ్తా, నీళ్ళు పొయ్యమని పెరటి తాళం నా చేతికిచ్చేరు చూడండి, అప్పుడు మీ పసుపు లిల్లీకున్న కాయ తెంపుకెళ్ళి మొలిపిస్తే, దానంతటదే ఆ వలయంతో పూసిందేనండి అది."