గోడకు కాపలా

షుగర్ ఫ్యాక్టరీ సైరన్ కూసింది. రాజనర్సు లేవలేదు. మెడదాకా దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హైదరాబాదులో గుండె నాళంలోకి బెలూన్ పంపి, స్టెంటు వేసి ఇంటికి పంపించి నెల దాటింది. నిజామాబాద్ డాక్టరు రాజనర్సు చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

“నాళం తెరిచారు. బతకాలన్న ఆశ మాత్రం ఎవరూ లోపల పెట్టలేరు. ఈ జబ్బులో కొందరు దిగులు పడి తిండీ మందులూ మానేస్తారు. మానితే నాళం మళ్లీ మూసుకుపోతుంది.”

ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. మొక్కవలసిన దేవుళ్లు కూడా అయిపోయారు. ఇక మిగిలింది ఇదొక్కటే అనుకుని మంచమెక్కాడు.

సైరన్ కూసినప్పుడల్లా కాళ్లు వాటంతటవే కదిలేవి. దుప్పటి కింద బిగబట్టుకునేవాడు.

నాలుగో రోజు తోటి పనివాడు లింబయ్య వచ్చాడు.

“చెరుకు బండ్లు బోధన్ రోడ్డు దాంక నిలవడ్డయి. నువ్వేమొ బాలింత లెక్క పన్నవ్. ఏందిరా గిది?”

రాజనర్సు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. లింబయ్య పక్క మంచం మీదున్న రాజనర్సు భార్య భూమవ్వతో అన్నాడు.

“వదినె, గీన్ని నువ్వే లేపాలె. లేకుంటె దక్కడు.”

భూమవ్వ ఇంటి కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. మూలనున్న చాటలో తునికాకు ఎండిపోయింది. ఆమె కత్తెర పట్టక, బీడీ చుట్టక నెలైంది.

మర్నాడు అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. రాజనర్సు గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“లే. అన్నం వండిన.”

“నాకొద్దు.”

“తినకుంటె సస్తవ్.”

“సావనీ. నువ్వు తిన్నవా?”

“నువ్వు తినంది నేనెట్ల తింట?”

“గట్లయితె ఇద్దరం సత్తం.”

భూమవ్వ పళ్లెం ఠంగున కింద పెట్టింది. కాసేపు అతని వీపునే చూసింది. తర్వాత కూలబడి, పగబట్టినట్టు నాలుగు ముద్దలు మింగింది.

“తిన్న. ఇగ నువ్వు తిను.”

“గోలీలు?” అన్నాడు గోడతోనే.

భూమవ్వ మందుల డబ్బా మూత తీసింది.

తొమ్మిదో రోజు డాక్టరు రమ్మన్న రోజు. భూమవ్వే అతన్ని రెక్క పట్టి లేపి బస్సెక్కించింది. నిజామాబాద్ దాకా తిడుతూనే ఉంది. గదిలోకి అడుగు పెడుతూనే అందుకుంది.

“సారూ, ఈయన సక్కగ తింటలేడు, మాట్లాడ్తలేడు. ఊరంత డ్యూటీకి పోతుంటె ఈయన గోడకు కాపల ఉంటుండు. ఎంతకని తిట్టాలె నేను?”

రాజనర్సు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“స్టెంటు వేయించుకున్నాక నీ నోట మాట వినడం ఇదే మొదలు భూమవ్వా,” అంటూ డాక్టరు స్టెతస్కోపు ఆమె గుండె మీద పెట్టాడు.