టేపులో పసిగొంతు

మా నాన్నకి పద్నాలుగు భాషలొచ్చు. పిల్లలకి మాటలెలా వస్తాయో చెప్పిన ఆయన పుస్తకానికి పెట్టుబడి నా పసితనమే.

నాన్న సన్మాన సభలో అప్పటి టేపు వినిపించారు. "నాన్నా, ఎత్తుకో!" అంటున్నాను. మళ్లీ మళ్లీ అదే మాట. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినా, "ఎత్తుకో..."

నా గొంతు కాక, దగ్గరే మైకు పట్టుకున్న ఆయన ఊపిరి తప్ప టేపులో మరో చప్పుడు లేదు.

ఆ ఒక్క మాటని పద్నాలుగు భాషల పిల్లలు ఎలా అంటారో నాన్న అనుకరించి చూపించారు. హాలంతా మురిసిపోయి చప్పట్లు కొట్టింది.

తిరిగొస్తుంటే కారులో నాన్న జ్ఞాపికని ఒళ్లో పెట్టుకుని, పడిపోకుండా రెండు చేతులా పట్టుకున్నారు.

"మరి ఎత్తుకోలేదేం నాన్నా?" అన్నాను.

ఆయన నవ్వారు.

"పిచ్చిదానా, ఎత్తుకుంటే ఊరుకునేదానివిగా! ఇక టేపులో ఏముండేది?"