మీటరు పట్టినవాళ్ల మాట

"ఎంత?" ట్రైలర్ గుడ్డగోడ లోపలినుంచి తండ్రి అరిచాడు.

"పది పాయింట్ నాలుగు, నాన్నా," బయటినుంచి కూతురు చెప్పింది.

ఆ అంకె వినగానే పెద్దాయన ప్రాణం ఉసూరుమంది. రాత్రి పడుకునేటప్పుడు నిండుగా, పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు ఉన్న బ్యాటరీ అది. తెల్లారి చూస్తే క్యాంపర్ ట్రైలర్‌లో లైటు లేదు, ఫ్యాను లేదు, ఆయన ఫోన్‌కి చార్జింగూ లేదు. అన్నిటికన్నా ఘోరం, మోటారుతో లేచి దిగే ట్రైలర్ కప్పు రాత్రి లేచింది లేచినట్టే నిలబడిపోయింది. దాన్ని దించకుండా కారు వెనక కట్టుకుని లాక్కెళితే ఆ గాలికి గుడ్డగోడలు పేలికలైపోతాయి.

ఆయనకేమో ఆ మధ్య తుంటి విరిగింది. కూతురి భుజం పట్టుకుంటే తప్ప మెట్టు దిగలేడు. కారులో రెండు గంటలకు మించి కూర్చోలేడు కాబట్టే, ఆమె ప్రయాణాన్ని రెండు రోజులు చేసి, మధ్యలో పడుకోవడానికి ఈ ట్రైలర్ తెచ్చింది. వెళ్లాల్సిన ఊరికి ఇంకా తొంభై కిలోమీటర్లుంది. అక్కడి ఆసుపత్రిలో మూడింటికి ఆయన తమ్ముడికి గుండె ఆపరేషన్. ఇప్పుడు పదకొండు దాటింది.

"మెయిన్ ఫ్యూజు చూశావా?"

"బాగానే ఉంది."

"ఎర్త్ వైరు?"

"గీకి, శుభ్రం చేసి మళ్లీ బిగించాను."

"ఎండ మండిపోతోంది కదమ్మా! పైన సోలార్ ప్యానెల్ ఏం చేస్తోంది, గాడిదలు కాస్తోందా?"

"ప్యానెల్ నుంచి కరెంటు వస్తోంది నాన్నా. బ్యాటరీ దాకా చేరట్లేదు."

"అయితే ట్రైలర్‌ని ఇక్కడే పారేసి కారులో పోదాం పద!"



"కారూ లేవట్లేదు. రాత్రంతా ట్రైలర్ కేబుల్ కారుకే తగిలించి ఉంది. దాని బ్యాటరీ కూడా లాగేసినట్టుంది."

"సెల్ఫ్ కొట్టు, వింటాను."

తలుపు వేసిన చప్పుడైంది. తరువాత ఏమీ లేదు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే చెవులు ఆయనవి. ఆ చెవులకు చిన్న టిక్కు కూడా వినపడలేదు.

"టిక్కు కూడా లేదంటే టెర్మినల్ ఊడి ఉండాలే!"

"బిగుతుగానే ఉంది నాన్నా."

పెద్దాయన తల పట్టుకున్నాడు. కేబుల్ పీకమని రాత్రి తనే గుర్తుచేసి ఉండాల్సింది. నలభై ఏళ్లు బండ్లకు వైరింగ్ చేసినవాడికి ఆపాటి బుద్ధి లేకపోయింది.

"నా వల్లేనమ్మా ఇదంతా."

"కాదు నాన్నా. తప్పు నాదే. మీరు ఊరికే బాధపడకండి."

"దారిన పోయే బండినొకదాన్ని ఆపరాదూ?"

"చెయ్యెత్తుతూనే ఉన్నాను. ఎవరూ ఆపట్లేదు."

"పోనీ బాబాయికి ఫోన్ కలుపు. ఫోన్‌లోనే చెప్పేస్తాను."

"సిగ్నల్ పోయింది నాన్నా."

చెప్పాల్సింది ఒక్క మాటే. అన్నదమ్ములిద్దరూ ఒకే షాపులో పనిచేసిన రోజుల్లో వాళ్లకో పద్ధతి ఉండేది. ఒకరు బండి కింద దూరి వైర్లు వెతుకుతుంటే, ఇంకొకరు పైన మీటరు పట్టుకుని అంకె చెప్పాలి. కిందివాడు మీటరు చూడలేడు కనుక, పైవాడు చెప్పిందే నమ్మాలి. ఒకరోజు తమ్ముడు చెప్పిన అంకెని ఈయన నమ్మలేదు. "సరిగ్గా చూశావా, నోటికొచ్చింది చెబుతున్నావా?" అని పైకొచ్చి, పనివాళ్లందరి ముందూ చెంప పగలగొట్టాడు. సాయంత్రానికల్లా తమ్ముడు చెప్పిన అంకే నిజమని తేలింది. తమ్ముడు ఆ పూటే షాపు వదిలి వెళ్లిపోయాడు. తప్పయిందని చెప్పడానికి ఈయనకు నామోషీ అడ్డొచ్చింది. చూస్తుండగానే పదకొండేళ్లు గడిచిపోయాయి.

"వాణ్ణి లోపలికి తీసుకెళ్లేలోపు చేరాలమ్మా," గుడ్డగోడకు నోరు ఆనించి అన్నాడు. "లోపలికెళ్లినవాడు మళ్లీ బయటికొస్తాడో రాడో. 'నీ అంకె నిజంరా' అని చెప్పకపోతే నేను బతికుండీ దండగ. ఇంకొక్కసారి కొలిచి చూడు, నీకు పుణ్యముంటుంది."

మీటరు ముల్లు టెర్మినల్‌కి తగిలిన చిన్న శబ్దం వినపడింది.

"పది పాయింట్ ఒకటి."

పెద్దాయన నుదురు ముడిపడింది. మంచం పక్కనున్న స్విచ్చు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.

"పది ఉంటే లైటు మసగ్గానైనా వెలగాలి కదే. ఇక్కడ చుక్క వెలుతురు లేదు. నువ్వు సరిగ్గా..."

టక్కున నాలుక కరుచుకున్నాడు. తన గొంతులో పదకొండేళ్ల కిందటి గొంతే ఆయనకు వినపడింది. చెంప మీద పడ్డ దెబ్బ చప్పుడు కూడా వినపడినట్టయింది.

"వద్దులే అమ్మా. మీటరు నీ చేతిలో ఉంది. నువ్వు చెప్పావంటే అంతే."

ఆయన దిండులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆ ఏడుపు గుడ్డగోడ దాటి బయటికి స్పష్టంగా వినిపించింది.

కూతురు మీటరు నేలమీద పెట్టి, కారు చక్రానికి ఆనుకుని కూలబడింది. ఏడుపు బయటికి రాకుండా మణికట్టు కరిచిపట్టుకుంది. తెల్లవారుజామున బాబాయి నుంచి వచ్చిన మెసేజ్‌ని ఎన్నోసారో తెరిచి చదివింది. "అమ్మడూ, మీ నాన్నని తీసుకురావద్దు. ఆయన గడపలో కనిపించాడా, నేను ఆపరేషన్ చేయించుకోకుండా లేచి వెళ్లిపోతాను."

తెల్లవారుజామునే ఆమె తన చేత్తో వైర్లు ఊడదీసిన రెండు బ్యాటరీలూ నిండుగానే ఉన్నాయి.