పీఠభూమి

తెల్లారితే ఈస్టర్. సుగుణమణి భర్త సమాధికి వేయడానికి బంతిపూలు గుచ్చుతోంది. పక్కనే మనుమరాలు సారిక సోషల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"నానమ్మా, పీఠభూమి అంటే ఏంది?"

"పీఠం అంటే పీట బిడ్డా. పీట లెక్క ఎత్తుగ ఉండి, పైన సాపుగ ఉండే జాగ."

"మన ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట లెక్కనా?"

"అగో, మస్తు చెప్పినవు! గట్లనే."

సారిక పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. "అయితే తాత పీట కింద ఉన్నడు."

"పిచ్చిదానా, తాత కొత్త సమాధిల ఉన్నడు గదనే."

"కాదు. గుట్ట కిందనే ఉండిపోయిండని డాడీ మమ్మీకి చెప్పిండు."

సుగుణమణి చేతిలో సూది ఆగింది. డ్యూటీ దిగి వచ్చి గడపలో బూట్లు విప్పుతున్న కొడుకు వైపు తిరిగింది.

"రిచర్డ్, గని కోసం ఊరు ఖాళీ చేసిననాడు పాత సమాధి తవ్వి మీ నాయిన బొక్కలు తెచ్చిన అన్నవు గదరా?"

"నేను పొయ్యేసరికే దాని మీద గని మట్టి పోసిండ్రమ్మా. ఏడుస్తవని ఇక్కడ సమాధి కట్టిచ్చిన."

"మరి దాంట్ల ఏమున్నది?"

"ఏం లేదు. తొమ్మిదేండ్ల సంది సున్నమేసుకుంట నిమ్మళంగనే ఉన్నవు గద. ఇప్పుడేమైంది?"

"ఆయన పక్కన నాకు జాగ ఉంచమన్న. నన్ను ఎవరి పక్కన పెడ్తవురా?"

రిచర్డ్ రెండో బూటు లాగి గోడకు ఆనించాడు.

"అప్పటికి నీకు తెలుస్తదా ఏంది?" అన్నాడు.