తావెట్టి గేటు దగ్గర ఆగే కారు

సరిగ్గా తావెట్టి గేటు ముందుకు రాగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కారు నడుపుతున్న సిల్వి మళ్ళీ తాళం తిప్పి చూసింది, లాభం లేకపోయింది. మూడు ఆదివారాలుగా ఇది ఇక్కడే ఆగుతోంది. ఆపుతున్నది ఆవిడే. కానీ ఇవాళ ఒట్టు, ఆవిడ ఏమీ చేయలేదు!

పెట్రోలు ట్యాంకు మూతకి లోపలికి గాలి పోయే చిన్న చిల్లుంటుంది. దాన్ని కొవ్వొత్తి మైనంతో మూసేస్తే పాత కారు కొంత దూరం బుద్ధిగా నడిచి, పెట్రోలు అందక ఆగిపోతుంది. సరస్సు ఒడ్డున ఉన్న డాన్సు మండపం నుంచి తావెట్టి ఇల్లు ఆ కొంత దూరంలోనే ఉంది. మరేం చేస్తుంది పాపం? ఆ తావెట్టి మహానుభావుడు ప్రతి వారం మండపంలో ఆవిడతో రెండు పాటలకి డాన్సు చేస్తాడు, అక్కడి ఆచారం ప్రకారం ఆవిడని మళ్ళీ ఆవిడ కుర్చీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెడతాడు, నోరు మాత్రం విప్పడు. కారు ఆగితేనే కాఫీ పెడతాడు, నాలుగు మాటలాడతాడు. అతను కాఫీకి లోపలికెళ్ళినప్పుడు ఆవిడ మూత తీసి గాలి పోనిచ్చి బిగిస్తే సరి, బండి ఇల్లు చేరేది.

ఈ నాటకానికి తనకే సిగ్గేసి పొద్దున మైనమంతా గీకి పారేసింది. ఇష్టముంటే అతనే పిలుస్తాడు, లేకపోతే లేదు అనుకుంది.

"మళ్ళీ ఆగిందా?" తావెట్టి అప్పుడే మండపం నుంచి వచ్చి సైకిలు దిగుతూ అడిగాడు.

"ఆగింది. ఎందుకో నాకు తెలీదు," అంది సిల్వి. మొదటిసారి నిజమే చెప్పింది.

అతను ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ బాగానే ఉంది. కార్బురేటర్ గొట్టం లాగి, "ఏదీ, తిప్పండి," అన్నాడు. స్టార్టరు తిరిగింది గానీ గొట్టంలోంచి చుక్క రాలేదు.

"పంపు పోయిందేమో!" అంది సిల్వి ఆశగా.

తావెట్టి వెనక్కెళ్ళి ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమంది. చిల్లులో మైనం!

"అదేమిటి, గీకేశానే!" అని నోరు జారింది సిల్వి. ఇక దాచి లాభం లేదు. "అవునండీ, మూడు వారాలూ నేనే పెట్టాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఇవాళ మాత్రం పెట్టలేదు, నమ్మండి!"

తావెట్టి చెవులు ఎర్రబడ్డాయి. మూతతోనే చెబుతున్నట్టు, దాన్ని చేతుల్లో తిప్పుతూ అన్నాడు.

"నమ్ముతాను. మండపం దగ్గర చూస్తే చిల్లు ఖాళీగా ఉంది. మర్చిపోయారేమోనని నేనే పెట్టాను."