నాలుగింటి లోపు ఫోన్

“ఫెయిలా?” అన్నాడు పక్కింటి గెర్బెన్. ఆ గొంతు కాలువ అవతలి గట్టు దాకా వెళ్లింది.

“ఫోన్ అన్నాను గెర్బెన్ గారూ. ఇంకా ఫోన్ రాలేదు,” అంది హిల్కా.

నెదర్లాండ్స్‌లోని ఈ లీవార్డెన్ ఊళ్లో బడి చివరి పరీక్షల ఫలితాలు ఫోన్లోనే చెబుతారు. తప్పినవాళ్లకు ముందు, నాలుగింటి లోపు. గట్టెక్కినవాళ్లకు ఆ తర్వాత. అందుకే ఈ ఒక్క మధ్యాహ్నం ఫోన్ మోగకపోతేనే ఇంటిల్లిపాదికీ సంగీతం. గట్టెక్కితే ఇంటి ముందు జెండా ఎగరేసి, ఆ కర్రకే పుస్తకాల బ్యాగు వేలాడదీస్తారు. గెర్బెన్ జెండా పట్టుకునే వచ్చాడు.

“ఏమ్మా ఫెన్నా, ఏడాదంతా ట్యూషన్, ఇప్పుడేమో టెన్షన్. ఆ యెల్లె మాస్టారు నీకు లెక్కలు చెప్పాడో, మీ అమ్మ వేసే పాన్‌కేకులు లెక్కపెట్టాడో.”

“రెండూ చేశారు అంకుల్,” అంది పదిహేడేళ్ల ఫెన్నా. వీధిలో ఎవరు ఎన్ని అన్నా నవ్వేసే పిల్ల.

“నీ బ్యాగు ఇటు తే. కట్టి చూస్తా, బాగుంటుందో లేదో.”

“ముందు ఫోన్ రానివ్వండి.”

హిల్కా ఇవేవీ వినడం లేదు. బేకరీ నుంచి వచ్చిన బట్టల్లోనే, చేతుల పిండి కూడా కడుక్కోకుండా, బల్ల మీది ఫోన్‌నే చూస్తోంది. ఎప్పుడో తప్పిపోయిన రైలు మళ్లీ వస్తుందేమోనని పట్టాల వైపు చూసినట్టు. కూతురి చదువు మీద ఇంత ఆశ పెట్టుకున్న తల్లిని గెర్బెన్ ఎక్కడా చూడలేదు. ఇంకో జోకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

నాలుగు కొట్టకముందే ఫోన్ మోగింది.

గెర్బెన్ జెండాను మెల్లగా వీపు వెనక్కి దాచాడు. ఫెన్నా వచ్చి తల్లి భుజం పట్టుకుంది.

“తియ్యమ్మా.”

హిల్కా పిండి వేలు జారి స్పీకర్ మీద పడింది.

“హిల్కా గారూ, కంగారు పడ్డారా? నాలుగింటి ఆనవాయితీ పిల్లల బడిలో. మన పెద్దల రాత్రిబడిలో పేర్ల వరసలో చేస్తాం, ముందే చెప్పాల్సింది. మీరు పాసయ్యారు. డిప్లొమాకి వచ్చేటప్పుడు మీ అమ్మాయిని కూడా తీసుకురండి. అమ్మ సిగ్గుపడుతుందని, ఆ యెల్లె మాస్టారి ట్యూషన్ తనకేనని వీధిలో అందరికీ చెప్పుకుందట కదా, ఆ పిల్లని మేమూ ఒకసారి చూస్తాం.”