పెంచలప్రసాద్ గారు పట్టుబట్టారు

ఆ పేరు చదివినప్పుడల్లా కేశవకి ఒళ్లు మండిపోతోంది.

అతని భార్య రమణి ఉదయగిరి దారిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆసుపత్రి కమిటీ మీటింగుల్లో ఎవరేమన్నారో రాసే మినిట్స్ పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది. నెలకోసారి దాన్ని వింజమూరులోని ఇంటికి తెచ్చుకుని, వంట ముగించి, తీరిగ్గా రాస్తుంది. రాస్తూ రాస్తూ తనలో తాను నవ్వుకుంటుంది.

ఆ నవ్వే కేశవ కొంప ముంచింది. ఆమె స్నానానికి వెళ్లగానే పుస్తకం తెరిచాడు.

'కాన్పు గది తలుపుకు లోపల గడియ లేక తల్లులు సిగ్గుతో చచ్చిపోతున్నారని పెంచలప్రసాద్ గారు చెప్పారు.' కింద ఎర్ర సిరాతో: పూర్తయింది.

'బాలింతలకు వేడినీళ్లు లేవని పెంచలప్రసాద్ గారు గుర్తు చేశారు.' పూర్తయింది.

'వింజమూరు వెళ్లే నర్సుకు ఐదున్నర బస్సు తప్పిపోతోంది కాబట్టి, డ్యూటీ ఐదింటికే ముగించాలని పెంచలప్రసాద్ గారు పట్టుబట్టారు.' అదీ పూర్తయింది!

ఓర్నీ! ఆ ఆసుపత్రి నుంచి వింజమూరు బస్సెక్కే నర్సు ఒక్కతే. తన పెళ్లాం బస్సు తప్పితే వీడికెందుకంట బాధ?

నిజానికి ఆ బస్సు గురించి రమణి ఏడాదిగా కేశవ దగ్గరే మొత్తుకుంది. అతను ఎరువుల కొట్లో కూర్చుని "చూద్దాంలే" అన్నాడు. వాడెవడో చూడనే చూశాడు. కేశవకి ఆ రోజు అన్నం సహించలేదు.

"ఎవరే ఈ పెంచలప్రసాదు?"

"కమిటీ మెంబరు. పెద్ద రైతు. ఆయన సంతకం కనపడితే డాక్టరు గారు మారు మాట్లాడరు, పనైపోతాది" అంది రమణి. మళ్లీ అదే నవ్వు.

"వాడే చెప్పాల్నా? నీకు నోరు లేదా?"

"నేను చెప్తే ఎవరు వింటారు? మీరు విన్నారా?"

కేశవకి చురుక్కుమంది.

"ఆ ఉద్యోగం వద్దు. రేపే రాజీనామా రాసిచ్చెయ్. కాదంటే మీ పుట్టింటికి పో!"

రమణి మొహం పాలిపోయింది. "పదకొండేళ్ల ఉద్యోగం. మనిషిని చూడకుండానే ఇంత అనుమానమా?" అని, పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయింది.

చూడాలా? చూస్తాడు! పొద్దున్నే కొట్టు తెరవకుండా స్కూటరు తీశాడు. దారి పొడుగునా తిట్లు కూడబలుక్కున్నాడు.

పెంచలప్రసాద్ తన ఇంటి ముందు నిమ్మకాయల బస్తాలు కుడుతున్నాడు. బట్టతల, బానపొట్ట. వీడా! కేశవకి కుళ్లు రెండింతలైంది.

"నేను నర్సు రమణి మొగుణ్ణి."

"అట్నా! రావయ్యా, కూర్చో. మజ్జిగ తాగతావా?"

"మజ్జిగ సంగతి తర్వాత. మా ఆడమనిషి బస్సు మీద నీకేందయ్యా అంత శ్రద్ధ? మీటింగులో పట్టుబట్టినావంటనే!"

పెంచలప్రసాద్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. కేశవని ఎగాదిగా చూశాడు.

"ఏ మీటింగయ్యా, మూడేళ్ల నుంచి నేను ఆ ఆసుపత్రి గడపే తొక్కలేదు, మీ ఆమె ఏందో రాసి అటెండరు చేత పుస్తకం పంపిస్తాది, చదవకుండానే సంతకం గీకేస్తా గదా!"